కొమురవ్వ కొట్టిపారేసిన గొంతు

కోరుట్లలో తెల్లారితే కొమురవ్వ ఇంటి అరుగు మీద మూడు పనులు ఒకేసారి మొదలవుతాయి. చేతులు బీడీలు చుడతాయి, ఫోను ర్యాప్ పాటలు పాడుతుంది, నోళ్ళు ఆ పాడినవాళ్ళను తునికాకు కత్తిరించినంత తేలిగ్గా తునాతునకలు చేస్తాయి. ర్యాప్ అంటే రాపిడేనని ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఉదయం పక్కింటి నవత చాట ఒళ్ళో పెట్టుకుని, ఫోనులో నకాబ్ అనే గాయకుడి పాట పెట్టింది. అతని మొహానికి గుడ్డ ముసుగు, గొంతుకు యంత్రం ముసుగు. మనిషెవరో జనానికి తెలియదు.

"బంద్ జెయ్యే నవతా!" అంది కొమురవ్వ. "వాడు నకాబ్ గాదు, నకల్ గాడు. మన సిరిసిల్ల మల్లన్న యాడ, వీడు యాడ? మల్లన్న పాడితే నాలుగు మరమగ్గం సాంచాలు ఒక్కసారి నడిచినట్టుంటది."

"మల్లన్నకు స్పీడున్నది పెద్దమ్మా, కాదన్న. నకాబ్‌కు బాధున్నది. మధ్యల ఆగుతడు సూడు, ఆడ పానం గుంజుతది."

"గా ఆగుడే మల్లన్న దగ్గరికెల్లి ఎత్తుకచ్చిండు!"

"మల్లన్న మాత్రం బొంబాయి ర్యాపర్లను జూసి నేర్సుకోలేదా?"

"నేర్సుకునుడు వేరు, ఎత్తుకచ్చుడు వేరు. తాళం తెల్వనోడు నోటికి తాళమేసుకోవాలె."

నవత ఈ మాటలన్నీ ఫోనులో పట్టింది. బీడీ చుట్టే చేతులు మాత్రమే కనబడేలా తీసి 'కొమురవ్వ తీర్పు' పేరుతో రోజూ పెడుతుంది. సిరిసిల్ల సాంచాల షెడ్ల నుంచి మస్కట్ కూలీల గదుల దాకా ఆ తీర్పు వినేవాళ్ళున్నారు. ఇక్కడ ఆమె నోరు జారితే అక్కడ పాడినవాడి పేరు జారినట్టే.

కానీ ఆ తీర్పరి గుండెలో వేరే గుబులు ఉంది. కొడుకు మధుకర్ మస్కట్ నుంచి వచ్చి, ఇక ఇక్కడే ఏదైనా చేసుకుంటానన్నాడు. ఇప్పుడేమో సోమవారం విమానమంటూ పెట్టె సర్దుతున్నాడు. ముందు మొగుడు, తర్వాత కొడుకు. ఆమె బతుకులో సగం సాగనంపడాలకే సరిపోయింది.

చాయ్ తాగడానికి లోపలికి వెళ్ళి మళ్ళీ అడిగింది. "ఎందుకు పోతున్నవ్‌రా కొడుకా? నేనేమన్న తక్కువ జేసిన్నా?"

"మనసు పట్టలేదవ్వా," అన్నాడు మధుకర్, తలెత్తకుండా.

పొయ్యి దగ్గర మధుకర్ భార్య రజిత గిన్నెను గోడదాకా విసిరినంత పని చేసింది. "ఇగ నాతోని గాదు! అత్తమ్మా, ఆయనను పంపుతున్నది వీసా గాదు. నువ్వు."

"నేనా? నేనేమన్ననే?"

"రోజు అంటనే ఉన్నవ్ గదా, అరుగు మీద గూసోని! నకాబ్ ఎవరనుకున్నవ్? పొద్దుగాల నువ్వు నకల్ గాడన్నది నీ కొడుకునే!"

కొమురవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నిజమేనారా?" అంది కొడుకు వైపు తిరిగి.

మధుకర్ తలూపాడు.

"నాకెందుకు జెప్పలే?"

"చెప్తే కొడుకని మెచ్చుకుంటవ్. గది నాకద్దు. తెల్వక ఇని బాగుందంటే సాలనుకున్న. నువ్వే దొంగన్నంక ఎవలకోసం పాడాలె?"

"మరి గా ఆగుడు? మల్లన్నది కాదా?"

మధుకర్ ఫోనులో పొద్దుటి వీడియో పెట్టాడు. అందులో కొమురవ్వ గొంతు దూసుకుపోతోంది, ఉన్నట్టుండి ఆగింది. తెరమీద ఆమె వేళ్ళు బీడీకి దారం చుట్టి ముడేశాయి. ముడి పడగానే తిట్టు మళ్ళీ ఎగిసింది.

"గీ ఆగుడు నీదవ్వా. నేను మస్కట్‌ల ఉన్నప్పుడు నువ్వు ఫోన్ జేసి తిడ్తుంటే, నువ్వు ఆగినకాడల్ల ముడేస్తున్నవని తెలిసేది. ఇంట్ల గూసున్నట్టే ఉండేది. గట్లనే రాసిన."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తీసేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు పాతదే. "దొంగన్న మాట తప్పు. వాపసు తీసుకుంటున్న. గాని ఒట్టిగ మెచ్చుకుంటననుకోకు. ప్రాసకోసం ప్రయాస ఎక్కువైంది నీకు, గది తగ్గించు. ఆదివారం జగిత్యాలల పోటీ ఉన్నదని నవత అంటున్నది. పో. గెలిస్తే హైదరాబాద్ పాటల కంపెనోళ్ళు ఏడాది పనిస్తరంట. ఓడితే నీ పెట్టె నేనే సర్దుత."

ఆదివారం జగిత్యాల మైదానంలో అందరికన్నా చివర మధుకర్ ముసుగు లేకుండా వేదిక ఎక్కి, నకాబ్ తనేనని చెప్పాడు. రెండు చరణాలైనా కాలేదు, సిరిసిల్ల నుంచి వచ్చిన మల్లన్న అభిమానులు అందుకున్నారు. "నకల్! నకల్!"

అది కొమురవ్వ మాటే. అరుగు మీద వదిలిన మాట మైదానమంతా పాకి కొడుకు మీద పడుతోంది. మధుకర్ గొంతు తడబడింది. కొమురవ్వ కుర్చీ ఎక్కి నిలబడింది.

"ఆపుర్రి! గా మాట పుట్టిచ్చింది నేను!"

"అరే, గీ గొంతు... తీర్పు అవ్వరా!" అన్నాడొకడు. చుట్టూ సద్దు తగ్గింది.

"మల్లన్నకు నాకన్న పెద్ద అభిమాని ఉన్నడా ఈడ? ఉంటే రమ్మను! గదే నోటితోని అడుగుతున్న. మల్లన్న వాళ్ళవ్వ ఏం పని జేస్తది?"

కుర్రాళ్ళు మొహాలు చూసుకున్నారు. "బీడీలే జేస్తది."

"నేనేం జేస్త?"

"బీడీలే."

"దారం ముడేసేటప్పుడు ఆమె ఆగదా? నేనాగనా? పోరగాండ్లిద్దరు అవ్వల తిట్లు తిని పెరిగిండ్లు. ఒకని సొమ్ము ఇంకొకడు ఎత్తుకపోలేదు. దొంగ అనేటోడు ముందు నన్ననాలె!"

నవ్వు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. తన వంతు ముగించుకుని వేదిక పక్కన నిలబడ్డ మల్లన్న కూడా పగలబడి నవ్వాడు. ముందుగా చప్పట్లతో బీట్ అందుకున్నది అతనే. ఆ బీటుకు సిరిసిల్ల గుంపు చేతులు కలిపింది. మధుకర్ పాట మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈసారి అతను ఆగినచోట జనం ఊపిరి బిగబట్టారు, అందుకున్నచోట కేకలు పెట్టారు. గెలుపు మధుకర్‌దేనని చెప్పడానికి న్యాయనిర్ణేతలు మైకు అందుకునేలోపే రజిత ఈల వేసింది.

కిందికి దిగిన మధుకర్ జేబులో ఫోను మోగింది. రేపటి ప్రయాణం గురించి ఏజెంటు. కొడుకు ఫోనును తల్లి చేతిలో పెట్టాడు.

"నా కొడుకు అస్తలేడు నాయినా," అంది కొమురవ్వ.

"అయ్యో! ఎందుకమ్మా?"

"ఈడ పని దొరికింది." అంతవరకే అనగలిగింది. ఫోను రజితకు ఇచ్చేసి, చెమటతో తడిసిన కొడుకు తలను రెండు చేతులతో గుండెలకు హత్తుకుని, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల అందరూ చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెను ఊరుకోమని ఎవరూ అనలేదు.