సముద్రంలో లాడ్జి

"మా లాడ్జి సముద్రంలో ఉందట! గెస్టుల్ని ఈదుకుంటూ రమ్మంటావా?"

ఆమె నా ఆఫీసులోకి వచ్చీ రాగానే అన్న మొదటి మాట ఇది. నమస్కారం లేదు, పరిచయం లేదు. ఆమె వెనకాల ఒక నడివయసు జంట పెట్టెలు పట్టుకుని నిలబడ్డారు. భర్త ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయింది. పాపం, ఫోన్‌లో మ్యాప్ చెప్పిన మాట నమ్మి పడవల జెట్టీ చివరి మెట్టు కూడా దిగేశాడట.

ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద ఒక గది, ఒక లాప్‌టాప్, గోల చేసే ఒక ఫ్యాను. కింద మెషిన్ ఆన్ చేస్తే నా కుర్చీ దానంతటదే గోడ వైపు జరుగుతుంది. సిటీలో ఉద్యోగం వదిలేసి మా ఊరొచ్చి వెబ్ మార్కెటింగ్ మొదలుపెట్టాను. ఊరంతా నన్ను 'ఆన్‌లైన్' అని పిలుస్తారు. తమాషా ఏమిటంటే, ఊళ్లో సిగ్నల్ సరిగ్గా దొరికేది జెట్టీ చివర మాత్రమే. ఫొటో పెట్టాలన్నా, పేజీ మార్చాలన్నా లాప్‌టాప్ చంకన పెట్టుకుని అక్కడికి పరిగెత్తాల్సిందే.

"మ్యాప్‌లో మా లాడ్జి పెట్టేటప్పుడు ఏ బటన్ నొక్కావ్?" అంది.

"'నేనున్న చోటు' అనే బటన్."

"నువ్వెక్కడున్నావ్?"

"జెట్టీ చివర."

"మా లాడ్జి ఎక్కడుంది?"

"లైట్‌హౌస్ వెనకాల," అన్నాను. గొంతు నాకే వినపడలేదు.

"మరి! మా నాయనమ్మ లాడ్జి కట్టింది మనుషులకా, చేపలకా?"

తడిసిన పెద్దమనిషికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. అప్పటికప్పుడు ముగ్గుర్నీ జెట్టీకి తీసుకెళ్లి, మ్యాప్ తెరిచి, లాడ్జి చోటు చూపించే పిన్నును లైట్‌హౌస్ వెనక్కి మార్చి చూపించాను.

"చూడండి, ఇలా వేలితో పట్టుకుని లాగి, సరైన చోట వదిలితే చాలు. లాగిన్ మీ ఫోన్‌లో కూడా పెట్టాను. మీరూ నేర్చుకోండి."

"నాకివన్నీ రావు బాబూ. ఫోన్‌లో నాకొచ్చింది తిట్టడమొక్కటే. ఇంకొక్క గెస్టు దారి తప్పినా నువ్వే వెతికి తీసుకురావాలి. సామానుతో సహా."

సరేనన్నాను. పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఫోన్. "ఆన్‌లైనూ, జెట్టీ దగ్గర ఒక ఫ్యామిలీ నిలబడింది. నీ పిన్ను మళ్లీ నీళ్లలో దూకింది."

వెళ్లి చూస్తే నిజమే. మళ్లీ మార్చాను. మర్నాటికి మళ్లీ నీళ్లలో! మ్యాప్ కంపెనీకి ఫిర్యాదు పెడితే, 'మీ సూచనకు ధన్యవాదాలు' అని జవాబొచ్చింది. ఆ ధన్యవాదాలు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

అలా రోజూ సాయంత్రం దారి తప్పిన వాళ్ల పెట్టెలు మోయడం నా డ్యూటీ అయిపోయింది. దార్లో ఊరుకోలేక పడవల కబుర్లు చెప్పేవాణ్ణి. గెస్టులేమో 'జెట్టీ నుంచి నడిపించుకెళ్లే అబ్బాయి బాగున్నాడు' అని రివ్యూలు రాయడం మొదలుపెట్టారు. లాడ్జి గదులన్నీ నిండాయి. ఆమె ఆ రివ్యూలు నాకు చదివి వినిపించి మరీ నవ్వేది.

ఒకరోజు దారి మధ్యలో వాన పట్టుకుంది. ఆమె గొడుగు తీసుకుని ఎదురొచ్చింది. దాన్ని తీసుకెళ్లి గెస్టుల్లో ఉన్న ముసలావిడకిచ్చేసింది. మేమిద్దరం నిలువునా తడిశాం.

"నాకోసం తెచ్చారేమో అనుకున్నా," అన్నాను.

"నీకెందుకు గొడుగు? లాడ్జినే సముద్రంలో ముంచినవాడివి, ఈ వాన నిన్నేం చేస్తుంది?"

అంటూనే చున్నీ కొసతో నా కళ్లద్దాలు తుడిచి పెట్టింది. ఆ తర్వాత ఆమె ఏం మాట్లాడిందో నాకొక్క ముక్క గుర్తులేదు.

ఇదంతా బాగానే ఉంది గానీ, అటు నా వ్యాపారం కొండెక్కుతోంది. పడవల ఇంజిన్లు బాగుచేసే మా బాబాయే 'మన పేజీ ఇప్పుడే వద్దులేరా' అన్నాడు. చివరికి ఐస్ ఫ్యాక్టరీ ఓనరు నన్ను కిందికి పిలిపించి, కూలీలందరి ముందూ కడిగేశాడు.

"ఒక్క పిన్ను నిలబెట్టలేనివాడివి, నా ఫ్యాక్టరీని ఎక్కడ పెడతావోయ్? ఎడారిలోనా? ఈ నెలాఖరుకి గది కూడా ఖాళీ చెయ్యి."

ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే పాత కంపెనీకి ఫోన్ చేసి, వస్తానని చెప్పేశాను. చెప్పి, లాడ్జికి వెళ్లాను. కౌంటర్ దగ్గర ఆమె ఉంది. పక్కన పడక్కుర్చీలో నాయనమ్మ కళ్లు మూసుకుని ఉంది.

"సోమవారం సిటీకి వెళ్లిపోతున్నాను," అన్నాను.

"ఎన్నాళ్లకి?"

"ఎన్నాళ్లకేంటి, ఉద్యోగానికి. నా పరువు మీ పిన్నుతో పాటే సముద్రంలో పడింది. ఈ పని నాకు చేతకాదని ఊరంతా తేల్చేసింది. నాకూ అలాగే అనిపిస్తోంది."

ఒక మాటకి పది మాటలనే మనిషి, గెస్టుల పుస్తకం మూసి పక్కన పెట్టింది. తల వంచుకుని, "చేతకాక కాదు," అంది.

"మరి?"

"నేను పొద్దున్నే చేపలకి జెట్టీకి వెళ్తాను కదా."

"వెళ్తే?"

"అక్కడ సిగ్నల్ బాగుంటుంది కదా."

"ఉంటే?"

ఆమె ఫోన్ తీసింది. స్క్రీన్ మీద చూపుడువేలితో లైట్‌హౌస్ దగ్గర్నుంచి జెట్టీ దాకా ఒక్క గీత గీసినట్టు లాగి చూపించింది. ఆ వేలికి ఎంత అలవాటో చూస్తేనే తెలుస్తోంది.

"వేలితో పట్టుకుని లాగితే చాలన్నావుగా," అంది.

"రోజూనా?"

"ఆదివారం కూడా."

నాకు నిజంగానే కోపమొచ్చింది. "నా వ్యాపారం మునిగిపోయింది, తెలుసా?"

"తెలీదు. ఒట్టు! నువ్వెప్పుడైనా చెప్పావా? పిన్ను సరిగ్గా ఉంటే నువ్వెందుకొస్తావు మా లాడ్జికి?"

"పిలిస్తే వచ్చేవాణ్ణి కదా!"

"పిలవడానికి ఏ బటన్ నొక్కాలో నువ్వు నేర్పలేదు."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఇన్నాళ్లూ సాయంత్రం ఎప్పుడవుతుందా అని నేనూ గడియారం చూస్తూనే ఉన్నానని, ఆమెంటే నాకు చాలా ఇష్టమని చెప్పేశాను.

పడక్కుర్చీలోంచి గొంతు వినిపించింది. "అయ్యాయా మీ మాటలు? ఆ పిన్నుని ఇంటికి తెచ్చెయ్యండి. ఆ పిల్లాణ్ణి కూడా."

నాయనమ్మ అసలు నిద్రపోనేలేదు.

మనవరాలు అక్కడితో ఆగలేదు. నన్ను వెంటబెట్టుకుని తిన్నగా ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లి, ఆ కూలీలందరి ముందే, "పిన్ను కదిపింది నేను. తప్పు నాది, అతనిది కాదు," అంది. ముఖం ఎర్రబడినా గొంతు మాత్రం తగ్గించలేదు.

ఓనరు గడ్డం గోక్కున్నాడు. "రోజూ గురి తప్పకుండా సముద్రంలో పడేశావా? నీకెవరు నేర్పారు?"

"అతనే."

"ఒక్కసారి చెప్తే ఇంత బాగా వచ్చేసిందా! అయితే పనిమంతుడేనోయ్ వీడు. గది ఖాళీ చెయ్యక్కర్లేదు."

సిటీకి ఫోన్ చేసి రానని చెప్పాను. అక్కడివాళ్లు తిట్టారు. హాయిగా వినిపించింది.

ఇప్పుడు పిన్ను లైట్‌హౌస్ వెనకాల బుద్ధిగా ఉంది. గెస్టులు తిన్నగా లాడ్జికే వస్తున్నారు. సాయంత్రాలు నేను మాత్రం జెట్టీ చివర కూర్చుని పని చేసుకుంటాను. చీకటి పడబోయే వేళకి వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపిస్తుంది.

"దారి తప్పారా సార్? లాడ్జికేనా?"

"అవునండీ. మ్యాప్ ఇక్కడే అని చూపించింది."

"అలాంటి మ్యాపుల్ని నమ్మకూడదు. లేవండి, నాయనమ్మ అన్నానికి ఎదురుచూస్తోంది."

నా లాప్‌టాప్ బ్యాగు తన భుజానికి తగిలించుకుని, ఆమె ముందు నడుస్తుంది.