వంతెన కింద పొగ

రైలు వంతెన కింది దారికి మంచి పేరు లేదు. రాత్రివేళ అక్కడ బండి ఆపినవారికి పక్కసీటులో ఎవరో కూర్చున్నట్లుంటుందని చెప్పుకొనేవారు. నేను చూడలేదు. బండ్లు బాగుచేసే ఒకాయన చెప్పగా విన్నాను, అంతే.

ఆయన అక్క పోయిన తరువాత, టాక్సీ నడిపే బావ రోజూ రాత్రి ఆ వంతెన కిందనే ఆగసాగాడు — అద్దాలు మూసి, ఇంజను ఆపకుండా. తెల్లవారితే తలనొప్పి, వాంతులు. ఒకనాడు బావమరిదైన ఈ మెకానిక్కు అతని చొక్కా వాసన చూశాడు.

"తియ్యటి వాసనైతే రేడియేటరు నీళ్ళు కారుతున్నట్టు. కుళ్ళిన గుడ్డు వాసనైతే బ్యాటరీ పాడైనట్టు. ఇది ఉత్త పొగ బావా... కారు లోపలికే వస్తోంది. షెడ్డుకు తీసుకురా."

"కుక్కకైనా నీకున్నంత ముక్కు ఉండదురా. పో, పని చూసుకో."

తీసుకురాలేదు. ఆ రాత్రి పనిముట్లు పట్టుకొని బావమరిదే వంతెన కిందికి వెళ్ళాడు. తలుపు లాగి చూస్తే — బావ పక్కకు తిరిగి, నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. ఆ సీటు ఖాళీ.

"అది అక్క కాదు బావా... విషపు గాలి. పొగ గొట్టం ఎక్కడో వదులైంది, బిగిస్తాను. ఇలాగే పీలిస్తే ఏదో ఒకరోజు లేవవు."

"బిగించకురా..." బావ అతని చెయ్యి పట్టుకున్నాడు. "బిగిస్తే మీ అక్క రాదు."

"పిల్లనిచ్చిన పాపానికి నీ పాడె కూడా మోయమంటావా? ముందు ఎక్సలేటరు తొక్కు!"

పొగ ఎక్కడ కారుతోందో తెలిసేందుకు సైలెన్సరు గొట్టంలో తడిగుడ్డ కుక్కి, ఆయన బండి కిందికి దూరాడు. ఇంజను గర్జించింది. అతుకు దగ్గర బుస్సుమని పొగ... బోల్టు వదులు. స్పానరు పెట్టి బిగించాడు.

"మళ్ళీ తొక్కు."

ఒక్క క్షణం ఆలస్యం. తరువాత మళ్ళీ గర్జించింది. పొగ లేదు.

"ఇంకొంచెం..."

ఇంకా గట్టిగా... ఎక్కడా పిసరంత పొగ లేదు.

"చాలు."

తగ్గింది.

చేతులు తుడుచుకుంటూ ఆయన బయటికి వచ్చాడు. డ్రైవరు సీటులో ఎవరూ లేరు. దూరంగా, వంతెన అవతలి దీపస్తంభం కింద బావ కూర్చొని ఉన్నాడు... మోకాళ్ళలో ముఖం దాచుకొని.

"ఎప్పుడు దిగావు?"

"నువ్వు స్పానరు పెట్టగానే. చూడలేకపోయాను రా..."

బావమరిది వెనక్కి తిరిగి ఖాళీగా ఉన్న ఆ డ్రైవరు సీటు వైపు చాలాసేపు చూశాడట. తరువాత బావ భుజం పట్టి లేపాడు.

"పద ఇంటికి" అన్నాడు మెల్లగా. "బిగించమన్నది అక్కే, బావా."