చెరిపిన బాణం

తొండూరు పృథ్వీ పుట్టేటప్పుడే ఆలస్యం చేశాడట. మంత్రసాని ఇంటికి పోయి, జొన్నరొట్టె కాల్చుకుని తిని, కునుకు తీసి వచ్చినా వాడింకా రాలేదట. నమ్మకుంటే ప్రొద్దుటూరు పాలిటెక్నిక్‌లో హాజరుపట్టీ చూడండి.

మొదటేడు ఒకరోజు ఎలక్ట్రికల్ ల్యాబ్‌కు అరగంట ఆలస్యంగా వచ్చి, తోటి విద్యార్థిని జమ్మలమడుగు భావన గీసుకున్న బొమ్మ మీద తడి గొడుగు పెట్టాడు.

"ఏమప్పా, కండ్లు పులివెందుల బస్సులోనే మరిచొచ్చినావా?"

"బొమ్మ యాడుంది? రెండు బాణాలే కదా!"

"అదే ఫేజర్ బొమ్మ. ఇది వోల్టేజి, ఇది కరెంటు. రెండూ గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాంటాయి. చోక్ కాయిల్‌లో కరెంటు తొంభై డిగ్రీలు ఎనకబడతాది. అచ్చం నీ మాదిరి."

"పరిగెత్తి అందుకోగూడదా?"

"రెండిటిదీ ఒకటే వేగం. ఎన్ని సుట్లు తిరిగినా ఎడం తగ్గదు. ఒకే గీత మీద కలిసి నడిచేది వట్టి రెసిస్టెన్సులోనే."

మూడేళ్లలో వాడికి బాణాలు వచ్చాయి. మనసులో మాట మాత్రం నోటికి రాలేదు. రేపు చెబుదామనుకుంటూనే ఆరు సెమిస్టర్లు గడిపాడు.

చివరి ప్రాక్టికల్స్ ముందు భావన తన రికార్డు చేతికిచ్చింది.

"ఆఖరి పేజీ బాగా సూడు. ఏమన్నా చెప్పాలనిపిస్తే ఆడే రాయి," అంది తలెత్తకుండా.

అది చోక్ కాయిల్ ప్రయోగం. బాణాలు రెండూ ఒకే గీత మీద, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పృథ్వీ గంతేశాడు. తనకు నేర్పిన గురువు తప్పే పట్టుకున్నాడు మరి! రబ్బరుతో శుభ్రంగా చెరిపి, స్కేలు పెట్టి, ఒక బాణాన్ని తొంభై డిగ్రీలు వెనక్కి జరిపాడు. కింద ఎర్రసిరాతో 'ఇదీ సరైనది' అని రాశాడు.

మరునాడు భావన ఆ పేజీని చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని వాడు కాచుకున్నాడు.

"సరేలేప్పా," అని మూసేసింది. రెండు నెలలకు ఆమె పెండ్లి పత్రిక వచ్చింది.

ఐదేళ్ల తర్వాత, వానలో, జమ్మలమడుగు బస్టాండులో కనిపించింది. చంకలో పాప.

"సబ్‌స్టేషన్‌లో చేస్తాండావంట?"

"అంతా నువ్వు నేర్పిందే."

"ఒకటడుగుతా. ఇష్టం లేదని నోటితో చెప్పొచ్చు కదా? ఆ బాణం ఎందుకు జరిపినావు?"

"ఇష్టమేంది? చోక్‌కు తొంభై కదా... తప్పేసినావనుకుని..."

భావన నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

"మూడేండ్లు నీకు చెప్పినదాన్ని. నాకు తెలీదాప్పా?"

పృథ్వీ ఒకడుగు ముందుకేశాడు.

"భావనా, నేను శానా..."

"ఇప్పుడెందుకులే," అంటూ పాప తలమీద కొంగు కప్పి కడప బస్సెక్కింది.

కిటికీలోంచి పాప చెయ్యి ఊపింది. పృథ్వీ చెయ్యెత్తేసరికి బస్సు మలుపు తిరిగింది.