ఎవరి సంచి వాళ్ళే మోయాలి

నీళ్ళ డబ్బా గుమ్మం ముందు పెట్టి వ్యాన్ వాడు వెళ్ళిపోయాడు. చిట్టి వంగి దాన్ని రెండు చేతులతో పట్టుకుందో లేదో, వాళ్ళమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"దింపు. నేను తెస్తానుగా."

"అమ్మా, ఇది నీళ్ళ డబ్బా. కొండేమీ కాదు."

"ఏదైతేనేం, నీకెందుకే ఆ బరువులు?"

డబ్బా చేతులు మారింది. ఆ ఇంట్లో ఇది రోజూ జరిగేదే. చిట్టికి చిన్నప్పుడు గుండెకు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత డాక్టరు, "ఇక ఈ పిల్ల పరుగెత్తచ్చు, గెంతచ్చు, అందరిలాగే ఉండచ్చు" అని విడమరిచి చెప్పాడు. ఆ మాట తండ్రి విన్నాడు, చిట్టి విన్నది. తల్లి చెవికి మాత్రం ఎక్కలేదు. బడికి పుస్తకాల సంచి తనే మోసింది. కాలేజీ రోజుల్లో బస్సెక్కించేదాకా బ్యాగు తనే పట్టుకుంది. ఇప్పుడు చిట్టి కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం చేస్తూ నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నా, ఇంట్లో కుర్చీ జరపాలంటే అమ్మ రావాల్సిందే.

అమ్మ టైలరు. ఇంటి ముందు గదే ఆవిడ దుకాణం. ఆవిడ కుట్టు విప్పి చూస్తే తప్ప ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలీదని వీధిలో అందరూ అంటారు. అంత నేర్పరి. కూతురి విషయానికొస్తే మాత్రం మొండి ఘటం.

కాఫీ తాగుతుండగా చిట్టి అసలు సంగతి బయటపెట్టింది. షాపు వాళ్ళు పక్క ఊళ్ళో కొత్త శాఖ తెరుస్తున్నారు. దాన్ని చూసుకోవడానికి తనను రమ్మంటున్నారు. గది తీసుకుని ఒక్కతే ఉండాలి.

"కుదరదు" అంది తల్లి, అక్కడికి ఆ మాట అయిపోయినట్టు.

"ఎందుకు కుదరదు?"

"ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు? గట్టిగా నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతావు నువ్వు."

"నేను జిమ్‌కి వెళ్తున్నానమ్మా. చాలా రోజులైంది."

తల్లి చేతిలో గ్లాసు బల్ల మీద చప్పుడు చేసింది. తండ్రి పేపరు కొంచెం పైకెత్తి దాని వెనక్కి తప్పుకున్నాడు. తండ్రికి ముందే తెలుసని తల్లికి అప్పుడే అర్థమైంది.

"ఊళ్ళో జిమ్ములన్నీ కలిసి పోటీ పెడుతున్నాయి" అంది చిట్టి, ఆపితే మళ్ళీ ధైర్యం రాదన్నట్టు గబగబా. "జట్టుకి ముగ్గురు. టైరు తొయ్యాలి, తాడు లాగాలి, చివర్న ఎవరి ఇసుక సంచి వాళ్ళు భుజాన వేసుకుని మైదానం చుట్టూ తిరగాలి. మొదటిసారి ఆడేవాళ్ళకి వేరే విభాగం ఉంది. నేనూ, స్కూలు బస్సు నడిపే డ్రైవరక్కా ఉన్నాం. మూడో మనిషి కోసం చూస్తున్నాం. అమ్మా, నేను ఆ సంచి మోసి గీత దాటితే నన్ను పంపిస్తావా?"

తల్లి బల్ల మీద ఒలికిన కాఫీ కొంగుతో తుడిచింది. తర్వాత, "ఆ మూడో మనిషిని నేనే" అంది.

తండ్రి పేపరు దింపాడు. "నువ్వా? బజారుకెళ్ళొచ్చి మోకాళ్ళకి మందు రాసుకుంటావు కదే."

"రాసుకునే పోటీకి వెళ్తాను. దీన్ని ఒంటరిగా ఎలా వదుల్తాను? మొయ్యనీ. మోస్తే పంపిస్తాను."

అలా కూతురికి కాపలా కాయడానికి ఆ తల్లి జిమ్‌లో చేరింది. మొదటి రోజు బూట్ల తాళ్ళు కట్టుకునేసరికే ఆయాసం వచ్చింది. డ్రైవరక్క నవ్వుతూ, "పిన్నీ, ఇంకా బండి స్టార్టే చెయ్యలేదు" అంది. రెండో వారానికి పిన్ని టైరు తొయ్యడంలో డ్రైవరక్కను మించిపోయింది. ఇంట్లో అందరి పనీ నెత్తినేసుకుని తిరిగిన ఒళ్ళాయె.

సంచులు ఎవరికి వారే తెచ్చుకోవాలి. టైలరు ఉండగా కొనడమెందుకని తల్లే మూడూ కుట్టింది. చూడ్డానికి మూడూ ఒకేలా ఉండేవి. చిట్టి సంచి మొదట్లో ఒక్క చుట్టు మోసేది, తర్వాత రెండు, ఆ తర్వాత ఆగకుండా తిరిగేసేది. ఇంటికొచ్చి అద్దంలో భుజాలు చూసుకునేది. "నాన్నా, నిజంగా బలం వచ్చింది" అని మురిసిపోయేది. తల్లి తల వంచుకుని మిషను తొక్కేది.

పోటీ రోజు పొద్దున్న మైదానంలో ఒక మూల తూకం పెట్టారు. న్యాయనిర్ణేత ఒక పెద్దావిడ, మెళ్ళో విజిలు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. డ్రైవరక్క సంచి సరిపోయింది. తల్లి సంచి వేలాడదీస్తే ముల్లు గీత దాటి చాలా దూరం పోయింది. చిట్టి సంచి దగ్గర ముల్లు సగానికే ఆగిపోయింది.

ఆవిడ సంచి నొక్కి చూసింది. కత్తెర తీసి ఒక మూల కత్తిరించింది. కాస్త ఇసుక రాలింది. వెనకే రంగురంగుల గుడ్డముక్కలు బయటికొచ్చాయి.

"ఇది కుట్టిందెవరు?"

చిట్టి ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. కిందటి నెల అమ్మ తనకు కుట్టిన చొక్కా గుడ్డే అది.

"ఇన్నాళ్ళూ నేను మోసింది పేలికలా అమ్మా?"

"చిట్టీ..."

"నా ఇసుక కూడా నీ సంచిలో పోసుకున్నావా? అద్దం ముందు నిలబడి ఎంత మురిసిపోయానో చూశావు కదా. చూస్తూ ఎలా ఊరుకున్నావు? చుట్టుపక్కల ఇంతమంది ముందు నేను దొంగనయ్యాను."

"నీ భుజం మీద అంత బరువు చూళ్ళేకపోయానే" అంది తల్లి. "దీన్ని మోస్తే నువ్వు వెళ్ళిపోతావని నాకు తెలీదా? మొయ్యలేకపోతే నా దగ్గరే ఉండేదానివి. అదీ తెలుసు. అయినా కుట్టేటప్పుడు చేతులు నా మాట వినలేదు."

చిట్టి చేతిలోని గుడ్డముక్కను సంచి మీద పడేసింది.

న్యాయనిర్ణేత కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "నేనూ ఆడపిల్ల తల్లినే. ఇంకా పరుగు మొదలవలేదు కాబట్టి తప్పు సరిదిద్దుకోవచ్చు. మా దగ్గర సరైన తూకం సంచి ఉంది, మీ అమ్మాయి తీసుకుంటుందా? ఒకరి సంచి ఇంకొకరు ముట్టుకుంటే మాత్రం జట్టు మొత్తం బయటికే."

"తీసుకుంటాను" అంది చిట్టి. ఆ సంచి భుజానికెత్తుకోగానే ఆమె ఒక పక్కకు ఒరిగింది. అమ్మ వైపు చూడలేదు.

టైరు, తాడు ఎలాగో గట్టెక్కాయి. చివరి చుట్టు మొదలైంది. చిట్టి వంతు ఇసుక తీసేసి తూకం సరిచేసిన సంచి తల్లికి దూదిపింజలా ఉంది. డ్రైవరక్క వెనకే ఆవిడ గీత దాటేసింది. వెనక్కి తిరిగి చూస్తే, మైదానం అవతలి మలుపులో చిట్టి ఆగిపోయి ఉంది. సంచి జారి కింద పడింది. ఆమె మోకాళ్ళ మీద చేతులానించి వగరుస్తోంది.

తల్లి అడుగు ముందుకు పడబోయింది.

"పిన్నీ, ముట్టుకుంటే అయిపోయాం" అని డ్రైవరక్క చెయ్యి పట్టుకుంది.

మిగతా జట్లన్నీ దాటిపోతున్నాయి. తండ్రి జనంలోంచి లేచి నిలబడ్డాడు. తల్లి డ్రైవరక్క చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుని, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుంది.

"లేపవే చిట్టీ. నువ్వే లేపు. నీ వల్ల అవుతుంది."

చిట్టి తలెత్తి చూసింది. అమ్మ నోటి వెంట ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు. సంచి కిందికి భుజం దూర్చి, ఒక మోకాలి మీద ఊగి, లేచింది. నడక కాదది, ఈడ్చుకు రావడం. మధ్యలో ఇంకోసారి ఆగింది. ఈసారి సంచి జారనివ్వలేదు. అందరికంటే ఆఖర్న గీత దాటి, సంచితో పాటే నేల మీద కూలబడింది.

తల్లి పక్కన కూర్చుంది. చెయ్యి వెయ్యాలా వద్దా అని తటపటాయించింది.

"గుండె ఎలా ఉందే?"

"కొట్టుకుంటోంది."

"అందరికీ అలాగే కొట్టుకుంటోంది పిన్నీ" అంది డ్రైవరక్క, తనూ పక్కనే చతికిలబడి.

చిట్టికి నవ్వు, దగ్గు ఒకేసారి వచ్చాయి. కాసేపటికి తల్లి చీర కొంగుతో ఆమె నుదుటి మీద ఇసుక తుడిచింది.

"నిన్ను నలుగురిలో దొంగని చేశాను. క్షమించవే."

చిట్టి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"కొత్త షాపులో ఎప్పుడు చేరమన్నారు?"

"ఒకటో తారీకున."

"సరే. సామాను నువ్వే సర్దుకో."

"అదేంటమ్మా? నువ్వు ముట్టుకోనిస్తావా అసలు?"

"నువ్వే సర్దుకో తల్లీ. నిన్ను పంపించడానికి నా చేతులతో నేను సర్దలేను."

ఆ మాటతో చిట్టి అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని, ఆపరేషన్ నాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.