కుడి సీటు పైలట్

"గాలి ఎటు వీస్తోంది?"

"ఆవు తోక ఎటు ఊపితే అటు."

కోడ్ సరిపోయింది. కల్నల్ ప్రూయిట్ షెడ్డు తలుపు మూశాడు. ఎదురుగా చేతులనిండా గ్రీజుతో, గస్ అనే మెకానిక్ వేషంలో ఏజెంట్ ఏమస్ ట్రెక్స్‌లర్.

"లియోనారా వాన్స్ మన మనిషనుకున్నాం. కాదు, విదేశీ ముఠా మనిషి. ఆర్మీకి చేసిన ఈ విమానాన్ని రేపు పొద్దున్నే ఎత్తుకుపోతుంది. మయామీ నది అవతల ముఠా కాచుకుని ఉంటుంది. ఇప్పుడే ఆవిణ్ణి పట్టుకుంటే వాళ్ళు జారిపోతారు. వాళ్ళ సంగతి నేను చూస్తా. విమానం నది దాటకూడదు. ఆవిడ ప్రాణాలతో కావాలి."

"ఆ చివరిదానికి మాటివ్వలేను సర్."

1911. డేటన్ పక్క బీడులో ఏమస్ వాళ్ళన్నయ్య జెస్సీ ఫ్లయింగ్ నేర్పేవాడు. ఏప్రిల్లో రెక్క తీగ తెగి, విమానం కూలి చనిపోయాడు. ఎవరో ఆ తీగను ఆకురాయితో సగం కోసి, కోతను మైనంతో పూడ్చారు. ఈ సంగతి ఏమస్‌కీ కల్నల్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. పేపర్లన్నీ ఇంజను ఆగిందనే రాశాయి. సొంత అన్న శవపేటికను ఏమస్ మెకానిక్ గస్‌గానే మోశాడు, కన్నీళ్ళు పెట్టుకునే వీల్లేక. పక్కన నల్ల ముసుగులో నడిచిన లియోనారా, "పాపం, ఆ తీగ..." అని నాలిక కరుచుకుంది.

ఆమె జెస్సీ దగ్గరే నేర్చుకుంది. గురువుది ఎడమ సీటు, శిష్యులది కుడి సీటు. విమానం పక్కకి ఒరిగితే రెక్కలు మెలితిప్పి సరిచేసే లివరు ఇద్దరికీ మధ్యలో ఒక్కటే. ఎడమ సీటువాడికి అది కుడిచేతికి వస్తుంది, కుడి సీటువాడికి ఎడమచేతికి. పైకీ కిందికీ నడిపే లివరు రెండో చేతికి. సీటు మారిస్తే నా శిష్యులు పసిపిల్లలేనని జెస్సీ నవ్వేవాడు.

కల్నల్ వచ్చి వెళ్ళిన ఆ సాయంత్రం ఏమస్ కుడి సీటు విప్పేశాడు.

తెల్లవారగానే లియోనారా వచ్చింది. పట్టు స్కార్ఫు, చేతిలో చిన్న పిస్తోలు.

"గస్, ప్రొపెల్లర్ తిప్పు. అరిచావో, పేల్చేస్తా."

"అరవడమెందుకండీ, తిప్పుతా."

"నా సీటేది?"

"అక్కడ పెట్రోలు డబ్బా కట్టానండీ. దూరం వెళ్ళేవాళ్ళకి కావాలి కదా."

"వాగకు." ఎడమ సీట్లో కూర్చుంది.

ఏమస్ ప్రొపెల్లర్ తిప్పాడు. జన్మలో ఏ పనీ అంత ఇష్టంగా చేయలేదు.

విమానం ముప్పై అడుగులు లేచింది. నది వంద గజాల్లోకి వచ్చేసింది. గాలికి కుడి రెక్క కుంగింది. సరిచేద్దామని లియోనారా అలవాటుగా ఎడమచేతి లివరు తోసింది. ఈ సీట్లో అది ముక్కు దించే లివరు. విమానం గట్టు ఇవతల పందుల మడుగులో కూలింది.

అవతలి ఒడ్డున కల్నల్ మనుషుల ఈలలు మోగాయి. ముఠా దొరికింది. ఏమస్ పరుగెత్తలేదు, తీరిగ్గా నడిచి వెళ్ళాడు. లియోనారా కాళ్ళు తీగల్లో చిక్కుకున్నాయి. బురద గడ్డం దాకా వచ్చింది.

"గస్! లాగు!"

"గస్ కాదు. జెస్సీ తమ్ముణ్ణి. తీగ కోసిందెవరు?"

బురద పెదవులు తాకింది.

"నేనే! నేనే కోశాను! లాగవయ్యా బాబూ!"

మిగతా పని మడుగుకే వదిలేద్దామని ఏమస్‌కి గట్టిగా అనిపించింది. అయినా జబ్బ పట్టి బయటికి ఈడ్చాడు.

"నన్ను... ఎందుకు బతికించావు?" రొప్పుతూ అడిగింది.

"కొలంబస్ జైల్లో నీకింకో సీటుంది. అందులో ఏ చేతికి ఏ లివరో తికమక ఉండదు. రెండు చేతులూ కట్టేసి, కరెంటు వాళ్ళే ఇస్తారు."