మెషీన్ మీద టోపీ

వాన పడుతుండగా, స్టాపు లేని చోట బస్సు ఆపి తలుపు తెరిచాడు డ్రైవరు. రోడ్డు పక్కన తడుస్తూ నడుస్తున్న ఆమెను ఎక్కమన్నాడు. ఆమె ఎక్కనంది.

వారానికోసారి ఆమె పిన్నిని వెంటబెట్టుకుని ఆ రోడ్డున నడిచేది. అతను చివరి స్టాపుకు వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇంకా నడుస్తూనే ఉండేది. డిపోలో నడకమ్మ అని పేరు పెట్టారు. సంగతేమిటో అతనే కనుక్కున్నాడు. సొంత దేశంలో ప్రాణభయం ఉండి, పిన్నితో కలిసి పారిపోయి వచ్చింది. ఆశ్రయం ఇస్తారో లేదో తేలేదాకా ఇక్కడ పని చెయ్యకూడదు. కానీ వారం వారం ఊరి అవతల ఉన్న ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టాలి. పెట్టకపోతే అర్జీ కొట్టేస్తారు. ప్రభుత్వం ఇచ్చేది తిండికి సరిపోతే బస్సుకు సరిపోదు.

"టికెట్ కొనలేనండీ," అంది.

"కొనమన్నానా?" అతను తన టోపీ తీసి టికెట్ మెషీన్ మీద బోర్లించాడు. డ్రైవర్లలో అదొక అలవాటు. మెషీన్ మీద టోపీ ఉంటే ఎక్కేది తమ మనిషని, టికెట్ అక్కర్లేదని అర్థం. "ఎవరైనా అడిగితే నేను చెప్తాను. ఎక్కండి."

"మోకాళ్ళు నావి, మొండితనం నీదా?" అని పిన్ని ముందు ఎక్కేసింది. ఆమె వెనకాల ఎక్కింది. జడ పిండుకుంటూ అద్దంలోకి చూస్తే అతను అప్పటికే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

తర్వాతి స్టాపులో ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు. డ్రైవరుకు స్వయానా మేనమామ. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే.

టికెట్ ఏదని అడిగాడు. ఆమె డ్రైవరు వైపు తిరిగి ఆగింది. అతను రోడ్డు చూశాడు. టోపీ ఎప్పుడో నెత్తి మీదికి వెళ్ళిపోయింది.

మామయ్య కేసు రాసి ఇద్దరినీ వానలో దింపేశాడు. ఆమె పిన్నిని సగం మోసుకుంటూ నడిచి, ఆఫీసు తలుపులు మూస్తుండగా చేరింది.

అతను మర్నాడు సాయంత్రం కమ్యూనిటీ హాలుకు వెళ్ళాడు. ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళకు ఉచిత బస్సు పాస్ ఇవ్వాలని ఆమె ఉండే వీధివాళ్ళు అక్కడ కూడి ఉద్యమం నడుపుతున్నారు. సొంత ఊళ్ళో ఆమె టైలరు. ఇక్కడ బ్యానరు కుడుతోంది. అతన్ని చూసి సూది ఆపలేదు.

క్షమించమన్నాడు. కేసు తాలూకు డబ్బు కడతానన్నాడు.

"డబ్బు మీరు కడితే మచ్చ పోతుందా? చిన్న కేసున్నా అర్జీ దెబ్బతింటుందని లాయరు చెప్పింది. అందుకే నడిచాను. కాళ్ళు పుళ్ళు పడ్డా నడిచాను. మీకు జాలి పుట్టింది, మా మెడకు చుట్టుకుంది."

"ఆ ఇన్‌స్పెక్టర్ మా మామయ్య. ఆయన ముందు నోరు పెగల్లేదండీ."

"గురువారం ఈ పాస్ మీద ఊరి కౌన్సిల్ మీటింగ్. మీ మామయ్యా వస్తాడు. అక్కడైనా పెగుల్తుందేమో చూద్దాం."

మీటింగ్‌లో మామయ్య లేచి, ఇలాంటివాళ్ళు టికెట్ లేకుండానే తిరుగుతారని, పాస్ కూడా ఇస్తే పట్టపగ్గాలుండవని చెప్పాడు. మొన్నటి కేసునే సాక్ష్యంగా చూపించాడు. ఆమె పిడికిలి బిగించి కూర్చుంది.

వెనక వరసలో డ్రైవరు లేచాడు. యూనిఫాంలోనే వచ్చాడు. ఆమె ఎక్కనంటే తనే ఎక్కించానని, మాటిచ్చి తప్పానని చెప్పాడు. టోపీ సంగతీ చెప్పాడు.

"మెషీన్ మీద టోపీ పెట్టడం నాకు నేర్పింది మా మామయ్యే. మా అమ్మ ఇన్నేళ్ళలో ఒక్కసారీ టికెట్ కొనలేదు. సంతకం కోసం వెళ్ళే మనిషి మీద కేసు రాశాం. మనవాళ్ళు సంతకు వెళ్తే టోపీ తీసి మెషీన్ మీద పెడుతున్నాం."

హాల్లో గోల లేచింది. మామయ్య మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

కౌన్సిల్ మెత్తబడి, ఆఫీసుకు వెళ్ళే రూటుకు మాత్రం పాస్ ఇస్తామంది. అప్పుడు ఆమె లేచింది.

"సంతకం పెట్టడానికేనా మేం బతికేది? డాక్టరు దగ్గరికి? బళ్ళోకి? మనుషుల్ని చూడటానికి? అక్కడికి నడవమంటారా?"

చివరికి కౌన్సిల్ ఒప్పుకుంది, ఊరంతా చెల్లే పాస్ వచ్చింది. ఆమె మీద, పిన్ని మీద రాసిన కేసు ఎత్తేశారు. డ్రైవరును కొన్నాళ్ళు సస్పెండ్ చేశారు.

అతను తిరిగి డ్యూటీలో చేరిన రోజు పిన్నీ ఆమే స్టాపులో ఉన్నారు. ఆమె పాస్ అతని మొహం ముందు పెట్టింది.

"చూడండి. సరిగ్గా చూడండి."

"ఫొటోలో కూడా కోపమేనా?"

"మీరు రోడ్డు చూసిన వారమే తీయించాను."

"ఇప్పుడు తగ్గిందా?"

"లేదు," అని అతని వెనక సీట్లోనే కూర్చుంది. బస్సంతా ఖాళీగా ఉందని పిన్ని గుర్తుచేసింది. ఆమె వినిపించుకోలేదు.

తర్వాతి స్టాపులో మామయ్య ఎక్కాడు. పాస్ అడిగి తీసుకున్నాడు. రెండు వైపులా తిప్పి చూసి ఇచ్చేశాడు. కదల్లేదు.

"మా అక్క ఇప్పుడు టికెట్ కొంటోందమ్మాయ్. నీ పుణ్యమే. నిన్ను చూడాలంటోంది."

"తిట్టడానికా?"

"అది నాకు చెప్పలేదు. వీడు రోజూ నీ మాటే ఎత్తుతున్నాడట. ఆ సంగతి మాత్రం చెప్పింది."

డ్రైవరు రోడ్డు చూడబోయి, మానేసి, అద్దంలోకి చూశాడు. "నిజమేనండీ," అన్నాడు, మామయ్యకు వినపడేలా.

ఆమె పాస్‌ను కొంగున ముడేసుకుంది.

"ఆవిణ్ణి రమ్మనకండి. ఏ రూటో చెప్పండి, నేనే వస్తాను."