మెత్తగా ఉడికిన ఆస్పరాగస్

పొద్దున్నే కోడలు మార్కెట్‌కి వెళ్ళి పచ్చటి ఆస్పరాగస్ కాడల కట్ట తెచ్చింది. సెలవు రోజు కాబట్టి ఇవాళ వంట తనదేనని ముందే చాటింపు వేసింది. కాడని రెండు కొసలా పట్టుకుని వంచితే, లేత భాగం మొదలయ్యే చోటే టప్పున విరుగుతుంది. పీచున్న అడుగు చేతిలో మిగులుతుంది. ఆ చప్పుడంటే ఆమెకి భలే సరదా.

ఈ మధ్య ఈ ఇంట్లో ఆస్పరాగస్‌కి మంచి రోజులు పోయాయి. ఒకప్పుడు అత్తగారే వెన్నలో దోరగా వేయించి నిమ్మరసం పిండేవారు. ఇప్పుడు గుజ్జయ్యేదాకా ఉడకబెట్టి, ఇంత ఉప్పు చల్లి ముందు పెడుతున్నారు. కరకరలాడేలా తను చేసే వంటకి వంక పెట్టడానికే ఇదంతా అని కోడలి అనుమానం. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

మామగారితో మాత్రం ఏ పేచీ లేదు. పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో కోడలి ఉద్యోగం. ఆయనకి కొత్త కట్టుడు పళ్ళు తనే చేసిపెట్టింది. ఇంటికెవరొచ్చినా ఆయన నోరు తెరిచి, "మా కోడలి చేతి పని!" అని చూపించి మురిసిపోతారు.

వెల్లుల్లి, మిరియాలపొడి, నూనె పట్టించి కాడల్ని ఓవెన్‌లో కాల్చింది. కంచాలు సర్ది వచ్చేసరికి, అత్తగారు వాటిని మరుగుతున్న నీళ్ళలోకి వంపేస్తున్నారు.

"అత్తయ్యా! ఏంటిది?"

"మరీ గట్టిగా ఉన్నాయమ్మా. ఇంకాస్త ఉడకనీ."

"కొరికితే కరకరలాడాలి, అదే దాని రుచి! నా వంట నచ్చలేదని మొహం మీదే చెప్పండి. ఇలా నీళ్ళపాలు చెయ్యడం దేనికి?"

"నచ్చక కాదే..."

"మరెందుకు?"

అత్తగారు మంట పెంచి గరిటె తిప్పారు. అది చూసి కోడలికి ఒళ్ళు మండిపోయింది.

"సరే. రేపట్నుంచి మా పొయ్యి వేరు."

ఆ మాట చెవిన పడగానే మామగారు హాల్లోంచి పరుగున వచ్చారు. ట్రేలో మిగిలిన ఒక్క కాడనీ తీసి కొరికారు.

"ఎవరన్నారు గట్టిగా ఉందని? వెన్నలా ఉంటేనూ!"

నములుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మిరియాలు... కొంచెం ఘాటమ్మా."

కోడలు మిరియాల సంగతి పట్టించుకోలేదు. ఆయన కుడివైపే నములుతున్నారు. ఎడమ దవడ కదిలినప్పుడల్లా మొహం ముడుచుకుపోతోంది.

"మామయ్యా, నోరు తెరవండి."

"ఇప్పుడెందుకమ్మా..."

"తెరవండి."

సెట్టు తీసి చూస్తే, అంచు ఒరుసుకున్న చోట చిగురు ఎర్రగా పుండు పడి ఉంది.

"ఎన్నాళ్ళుగా ఇలా?"

అత్తగారే అందుకున్నారు. "పెట్టుకున్న మర్నాటినుంచీ. 'పిల్ల సెలవులన్నీ మానుకుని చేసింది, బాగాలేదంటే మనసు చిన్నబుచ్చుకుంటుంది' అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆయనొక్కరికే మెత్తగా చేస్తే నీకు తెలిసిపోదూ? అందుకే అందరికీ..."

కోడలు కుర్చీలో కూలబడి బావురుమంది.

"అంచు కాస్త అరగదీస్తే సరిపోయేది మామయ్యా! ఒక్క మాట చెప్పకూడదా?"

"ఊరందరికీ గొప్పలు చెప్పుకున్నానుగా! ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నారాయన బోసినోటితో. ఏడుస్తున్న కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపు ఇంకా ఎక్కువైంది. అత్తగారు కొంగుతో ఆమె కళ్ళు తుడిచారు.

కాసేపటికి తేరుకుని కోడలు లేచింది. సెట్టుని కడిగి డబ్బాలో పెట్టింది. "పుండు మానేదాకా దీన్ని ముట్టుకోకండి. నేను సరిచేసి ఇస్తాను," అంది. వెన్న, నిమ్మకాయ తెచ్చి అత్తగారి పక్కన నిలబడింది.

"గిన్నె అప్పుడే దించకండి అత్తయ్యా. ఇంకా మెత్తబడాలి. నాక్కూడా అదే పెట్టండి."

"నీకు కరకరలాడాలన్నావుగా?"

"మామయ్య కొరికే రోజున నేనూ కొరుకుతాను."